వదలాల్సింది ఉద్యోగాన్నా, పాత కుర్చీనా?

పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లోంచి మూడింటిని ఒకచోట పెట్టాను. ఒకరు బ్యాంకు ఉద్యోగి, ఒకరు పోటీ పరీక్షలకి చదువుతున్న అమ్మాయి, ఒకరు కొట్టు నడిపే ఆయన. ఇంకా పట్టుకుని ఉండాలా, వదిలేయాలా అన్నదే ముగ్గురి బాధా. ఎవరి సంగతి వాళ్ళదే కాబట్టి విడివిడిగానే రాస్తున్నాను. గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

ప్రశ్న: నమస్కారం మేడం. నా వయసు 54. 1995లో క్లర్కుగా చేరి ఇప్పుడు సీనియర్ మేనేజర్‌గా ఉన్నాను. 2020లో మా బ్యాంకు ఇంకో పెద్ద బ్యాంకులో కలిసిపోయింది. అప్పటినుంచీ మనసు నిలవడం లేదు. పద్ధతులు మారాయి, పై ఆఫీసులో తెలిసిన ముఖాలు లేవు, "పాత బ్యాంకు వాళ్ళు ఇంతే" అని మీటింగులో ఒకరిద్దరు అన్న మాట ఇప్పటికీ మర్చిపోలేకపోతున్నాను. పాత ఖాతాదారులు ఇంకా పాత పేరుతోనే పిలుస్తారు, వింటే సంతోషమూ వేస్తుంది, బాధా వేస్తుంది. స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకుందామనుకుంటున్నాను. మా ఆవిడ ఇంకో ఆరేళ్ళు ఓపిక పట్టమంటోంది. పిల్లల చదువులు అయిపోయాయి, ఇంటి లోను తీరిపోయింది. వదిలేసే సమయం వచ్చిందని ఎలా తెలుస్తుంది?
– ఒక పాఠకుడు, కృష్ణా జిల్లా

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అందులో బ్యాంకు పని మీద ఒక్క ఫిర్యాదు కూడా లేదు. లోన్ ఫైళ్ళు చూడటం విసుగొస్తోందని రాయలేదు, కౌంటర్ దగ్గర జనాన్ని చూస్తే చిరాకేస్తోందని రాయలేదు, ఆరోగ్యం బాగోలేదనీ రాయలేదు. రాసిందంతా పేరు గురించి, ముఖాల గురించి, ఎవరో అన్న ఒక మాట గురించి. మీ బ్యాంకు పోయింది, మీ ఉద్యోగం మాత్రం ఉంది. పాతికేళ్ళు మీ ఇంటిపేరులా మోసిన బ్యాంకు పేరు ఒక ఏప్రిల్ ఒకటో తారీఖున బోర్డు మీంచి దిగిపోతే దుఃఖం రాకుండా ఎలా ఉంటుంది? కాకపోతే ఆ దుఃఖానికి రాజీనామా మందు అవుతుందా అన్నది చూడాలి.

మన తెలుగువాళ్ళలో ఈ బాధ పడ్డవాళ్ళు చాలామందే ఉన్నారు. భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు 1923లో మచిలీపట్నంలో పెట్టిన ఆంధ్రా బ్యాంకు నూరేళ్ళు నిండకుండానే 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది. నిజాం కాలంలో 1941లో హైదరాబాద్ స్టేట్ బ్యాంకుగా పుట్టి, తర్వాత స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ అయినది అంతకు మూడేళ్ళ ముందే, 2017 ఏప్రిల్ 1న, ఎస్‌బీఐలో కలిసింది. 2017లో 27 ఉన్న ప్రభుత్వ రంగ బ్యాంకులు 2020 ఏప్రిల్ వచ్చేసరికి 12 అయ్యాయి. ఇది ఎందుకు చెబుతున్నానంటే, మీ బ్రాంచిలోనో మీ జోనల్ ఆఫీసులోనో మీలాంటివాళ్ళు ఇంకొందరు తప్పకుండా ఉంటారు, అందరూ ఎవరికి వాళ్ళే లోపల కుమిలిపోతూ ఉంటారు, ఒక్కసారి కూర్చుని మాట్లాడుకున్నా సగం బరువు దిగుతుంది.

ఇక డబ్బు లెక్క, ఎందుకంటే మీ ఆవిడ అడుగుతున్నది అదే, ఆవిడ అడగడంలో న్యాయం ఉంది. బ్యాంకు పెన్షన్ నిబంధనల ప్రకారం 20 ఏళ్ళ సర్వీసు దాటితే మూడు నెలల నోటీసిచ్చి బయటికి రావచ్చు. మీకు 31 ఏళ్ళున్నాయి. మొత్తం 33 మించకుండా ఐదేళ్ళ దాకా అదనపు సర్వీసు కలుపుతారు, 33 ఏళ్ళకి పూర్తి పెన్షన్ కాబట్టి సర్వీసు తక్కువై పెన్షన్ తగ్గే భయం మీకు లేదు. చాలామంది లెక్క ఇక్కడే ఆపేసి కాగితం ఇచ్చేస్తారు. నష్టం వేరేచోట ఉంది. పెన్షన్ కట్టేది చివరి పది నెలల జీతం సగటు మీద. ఇప్పుడున్న జీతాలు బ్యాంకు యాజమాన్యాలూ ఉద్యోగ సంఘాలూ చేసుకున్న 12వ ద్వైపాక్షిక ఒప్పందం, దాంతోపాటే అధికారులకి చేసిన జాయింట్ నోట్ ప్రకారం వచ్చినవి, 2024 మార్చిలో సంతకాలైనా 2022 నవంబర్ 1 నుంచి అమలయ్యాయి. ఐదేళ్ళకి ఒకసారి కాబట్టి తర్వాతిది 2027 నవంబర్ 1 నుంచి రావాలి. సంతకాలు ఎంత ఆలస్యమైనా అమలు మాత్రం ఆ పాత తేదీ నుంచే లెక్కేస్తారని మీకు నేను చెప్పక్కర్లేదు. బ్యాంకు పెన్షన్ ఒకసారి కట్టాక డీఏ కలుస్తుందే గానీ, తర్వాత వచ్చే ఒప్పందాలతో పాటు అసలు పెన్షన్ పెరగదు, పెన్షనర్లు ఏళ్ళ తరబడి అడుగుతున్నది అదే. అంటే 2027 నవంబర్‌కి ముందు బయటికి వస్తే బతికున్నంతకాలం పాత స్కేలు పెన్షనే. ఆ తేదీ దాటి పది నెలలు పనిచేసి వస్తే కొత్త స్కేలు పెన్షన్. ఆమధ్య కాలం అంత పెద్దదేం కాదు, దాని ఫలితం మాత్రం మీకూ, మీ తర్వాత ఫ్యామిలీ పెన్షన్ రూపంలో మీ ఆవిడకీ జీవితాంతం ఉంటుంది. రిటైరైనవాళ్ళ వైద్య బీమా ప్రీమియం సొంతంగా కట్టుకోవాలన్నది కూడా లెక్కలో వేసుకోండి.

డబ్బు పక్కన పెట్టి మిమ్మల్ని ఒకటి అడుగుతాను, ఎవరికీ చెప్పక్కర్లేదు, మీలో మీరే జవాబు చెప్పుకోండి. రేపు మిమ్మల్ని మీ ఊరికి దగ్గర్లో ఒక బ్రాంచికి, మర్యాదగా మాట్లాడే రీజినల్ మేనేజర్ కిందికి బదిలీ చేశారనుకోండి, అప్పుడూ వెళ్ళిపోవాలనే అనిపిస్తుందా? అనిపించకపోతే మీకు కావలసింది బదిలీ, విరమణ అక్కర్లేదు. అప్పుడూ అనిపిస్తే, అంటే పొద్దున్నే లేచి వెళ్ళాలంటే ఒళ్ళు బరువెక్కుతుంటే, టార్గెట్ల కోసం ముసలాయన డిపాజిట్ డబ్బుని ఆయనకి అక్కర్లేని ఇన్సూరెన్స్ పాలసీలోకి తోయమంటుంటే, అలాంటి కాగితాల మీద సంతకం పెట్టలేక నిద్ర పట్టకపోతుంటే, అప్పుడు ఏ ఒప్పందం తేదీ కోసమూ ఆగొద్దు. ఆ కారణం విలీనం కంటే పెద్దది.

మీ ఉత్తరాన్ని బట్టి నా అభిప్రాయం, ఇప్పుడే కాగితం ఇవ్వకండి. కానీ ఒకటి మాత్రం ఇవాళే వదిలేయండి, "మా బ్యాంకులో అయితే ఇలా ఉండేది కాదు" అన్న మాట. అది మీ నోట్లోంచి ఎన్నిసార్లు వస్తోందో ఒక వారం గమనించుకోండి. మీరు పోలిక తెచ్చిన ప్రతిసారీ అవతలివాళ్ళు మిమ్మల్ని ఇంకా పాత బ్యాంకు మనిషిగానే చూస్తారు. మీ దగ్గర వాళ్ళకి లేనిదొకటి ఉంది. పాతికేళ్ళనాటి లోను వెనక ఉన్న దస్తావేజుల కథ, ఏ కుటుంబం మాట మీద నిలబడుతుంది, ఏ మిల్లు కాగితాల మీదే నడుస్తుంది, ఇవి మీకు తెలుసు, ఏ సాఫ్ట్‌వేర్‌లోనూ ఎక్కలేదు. కొత్తగా వచ్చిన కుర్రాళ్ళకి అవి చెప్పండి. మీటింగులో ఆ మాట అన్నవాళ్ళతో ఏకాంతంగా, మెల్లగా, "సర్, ఆ మాట నాకు కష్టంగా ఉంది" అని ఒకసారి చెప్పండి. ఇన్నేళ్ళయినా చెప్పలేదు కాబట్టే అది ఇంకా గుచ్చుకుంటోంది. ఖాతాదారులు పాత పేరుతో పిలిస్తే పిలవనివ్వండి, వాళ్ళని సరిదిద్దే పని పెట్టుకోవద్దు.

ప్రశ్న: నమస్తే మేడం. నాకు 30 ఏళ్ళు. మాది నాగర్‌కర్నూల్ జిల్లా. ఎంఏ ఎకనామిక్స్ చేశాను, బీసీ. ఏడేళ్ళుగా హైదరాబాద్ అశోక్‌నగర్‌లో హాస్టల్లో ఉంటూ గ్రూప్స్ చదువుతున్నాను. గ్రూప్-1 ప్రిలిమ్స్ 2022లో రాస్తే పేపర్ లీకై రద్దయింది. 2023లో రాస్తే అదీ రద్దయింది. 2024లో ప్రిలిమ్స్ పాసై మెయిన్స్ రాశాను, రాలేదు. గ్రూప్-2 కొద్ది మార్కుల్లో పోయింది. మా అన్న నెలనెలా డబ్బులు పంపుతాడు, వదిన ఏమీ అనదు, అయినా ఇంటికి పోవాలంటేనే టెన్షన్. ఊళ్ళో అందరూ "ఇంకా కాలేదా బిడ్డా" అని అడుగుతారు. ఇన్నేళ్ళు చదివి ఇప్పుడు ఆపేస్తే అంతా వృథా అనిపిస్తది, ఆపకపోతే ఇంకెన్నేళ్ళు అనిపిస్తది. నాతో వచ్చినవాళ్ళు సగం మంది వెళ్ళిపోయారు. నేను ఓడిపోయినట్టేనా? ఇంకోసారి రాయాలా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: అమ్మా, ముందు లెక్క సరిచేసుకుందాం, ఎందుకంటే మీరు మీ మీద వేసుకుంటున్న లెక్క తప్పు. మూడుసార్లు రాశాను, మూడుసార్లూ పోయింది అన్నట్టు రాశారు. జరిగింది అది కాదు. 503 పోస్టులకి 2022 అక్టోబర్ 16న ప్రిలిమ్స్ పెట్టారు, దాదాపు 3.8 లక్షల మంది దరఖాస్తు చేశారు, లీకేజీ బయటపడి 2023 మార్చిలో రద్దు చేశారు. 2023 జూన్ 11న మళ్ళీ పెట్టారు, సెప్టెంబర్‌లో హైకోర్టు రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో పాత నోటిఫికేషనే తీసేసి 563 పోస్టులతో కొత్తది ఇచ్చారు, జూన్ 9న ప్రిలిమ్స్, అక్టోబర్‌లో మెయిన్స్, 2025 మార్చిలో మార్కులు. అది కూడా కోర్టుకెక్కి, సింగిల్ జడ్జి ర్యాంకుల జాబితాని కొట్టేస్తే డివిజన్ బెంచ్ ఆపింది, ఎంపికైనవాళ్ళ చేతికి నియామక పత్రాలు అందేసరికి 2025 సెప్టెంబర్ చివరికొచ్చింది. గ్రూప్-2 సంగతీ అంతే, 783 పోస్టుల నోటిఫికేషన్ 2022 చివర్లో వస్తే, వాయిదాల మీద వాయిదాలు పడి పరీక్ష జరిగింది 2024 డిసెంబర్ 15, 16 తేదీల్లో. కాబట్టి ఇన్నేళ్ళలో గ్రూప్-1లో మీకు నిజంగా దక్కిన అవకాశం ఒక్కటే. మిగతా రెండూ మీ చేతిలోంచి లాక్కున్నారు. వాటిని మీ ఓటమి ఖాతాలో రాసుకోకండి. దీని మీద నాకు చాలా కోపం ఉంది, ఒక తరం పిల్లల ఇరవైల వయసుని ఇలా తినేయడం చిన్న విషయం కాదు.

అయితే లాక్కున్నారని చెప్పినంతమాత్రాన ఆ ఏళ్ళు వెనక్కి రావు కదా. ఇక్కడినుంచి కాస్త కఠినంగా మాట్లాడతాను.

యూపీఎస్సీ సివిల్స్ రాసేవాళ్ళకి ఎక్కడ ఆగాలో నిబంధనే చెబుతుంది. జనరల్‌కి 32 ఏళ్ళు, ఆరు అటెంప్టులు, ఓబీసీకి 35 ఏళ్ళు, తొమ్మిది అటెంప్టులు. ఇష్టం ఉన్నా లేకపోయినా ఒకరోజు గేటు పడుతుంది. మన గ్రూప్-1కి అటెంప్టుల లెక్క లేదు, వయోపరిమితి తెలంగాణలో 2024లో రెండేళ్ళ పాటు అని 46 చేశారు, బీసీలకి దాని మీద సడలింపు కూడా ఉంది. ఇది అభ్యర్థుల మీద దయతో చేసిందే, నోటిఫికేషన్లు రాక నష్టపోయినవాళ్ళకి న్యాయమే. కానీ దానివల్ల ఒక ప్రమాదం వచ్చింది, ఇక చాలు అని మిమ్మల్ని బయటినుంచి ఎవరూ ఆపరు. ఇంకా చాలా ఏళ్ళు ఈ తలుపు తెరిచే ఉంటుంది, ఈలోపు పక్కనున్న తలుపులు ఒక్కొక్కటే చప్పుడు లేకుండా మూసుకుంటాయి. బ్యాంకు పీవోకి (ప్రొబేషనరీ ఆఫీసరుకి), నియామక పరీక్షలు పెట్టే ఐబీపీఎస్ సంస్థ పరిమితి 30, క్లర్కుకి 28, కేంద్ర ఓబీసీ జాబితాలో ఉన్నవాళ్ళకి మూడేళ్ళు, ఎస్సీ ఎస్టీలకి ఐదేళ్ళు కలుస్తాయి. అంటే మీకు వాటిలో మిగిలింది ఒకటి రెండేళ్ళు, మహా అయితే మూడు. అశోక్‌నగర్‌లో గ్రూప్-1 పుస్తకాల మధ్య కూర్చుంటే ఈ తేదీలు కనపడవు, అక్కడ అందరి కళ్ళూ ఒకే నోటిఫికేషన్ మీద ఉంటాయి.

ఇంకో భ్రమ గురించి కూడా చెప్పాలి. మెయిన్స్ దాకా వెళ్ళాను కాబట్టి అదీ కొద్దిలోనే పోయింది అని మీరు అనుకుంటూ ఉండవచ్చు. ఈసారి మెయిన్స్‌కి అర్హత పొందినవాళ్ళు 31,382 మంది, రాసినవాళ్ళు 21 వేల పైచిలుకు, పోస్టులు 563. రాసినవాళ్ళలోనే దాదాపు 37 మందికి ఒక్క ఉద్యోగం. మెయిన్స్ రాయడం చిన్న సంగతి కాదు, కానీ దాన్ని గడప దాకా వెళ్ళినట్టు లెక్క వేసుకుంటే మోసపోతాం. కొద్దిలో పోయిందా, చాలా దూరంలో పోయిందా అన్నది మీ మార్కులు చెబుతాయి. మెయిన్స్ 900 మార్కులకి, ఇంటర్వ్యూ లేదు కాబట్టి ఎవరినీ నిందించడానికి గానీ ఎవరి మీదో ఆశ పెట్టుకోవడానికి గానీ చోటు లేదు. మీ కేటగిరీలో చివరగా ఎంపికైనవాళ్ళ మార్కులు ఒకపక్క, మీవి ఒకపక్క రాయండి, ఆరు పేపర్లకీ విడివిడిగా. ఒకటి రెండు పేపర్లలోనే బాగా పడిపోయి మిగతావాటిలో సమానంగా ఉంటే, అది బాగుచేసుకోగలిగే లోటు. అన్నిట్లోనూ కొంచెం కొంచెం తక్కువై మొత్తం మీద పెద్ద తేడా వస్తే, ఏడేళ్ళు చదివాక కూడా అలా ఉంటే, ఇంకో ఏడాది అదే గదిలో అదే పద్ధతిలో చదివినందువల్ల అది పూడదు. ఈ మాట మీకు కోచింగ్ సెంటర్ వాళ్ళు చెప్పరు, హాస్టల్ స్నేహితులూ చెప్పరు, ఎందుకంటే మీకు చెబితే వాళ్ళకి వాళ్ళు కూడా చెప్పుకోవాలి.

ఆపేస్తే అంతా వృథా అన్నారు. ఆ ఏడేళ్ళూ ఎలాగూ గడిచిపోయాయి, రేపు ఆపినా ఆపకపోయినా అవి గడిచినవే. ఇప్పుడు మీరు ఖర్చు పెట్టబోయేది ఎనిమిదో ఏడు. దాని గురించే ఆలోచించాలి. పాత ఏడేళ్ళని కాపాడుకోవడానికి ఎనిమిదో ఏడు ఇస్తే, వచ్చే ఏడాది ఎనిమిదింటిని కాపాడుకోవాల్సి వస్తుంది, అప్పుడు వదలడం ఇంకా కష్టం. చదివింది ఎక్కడికీ పోదు అని నేను ఊరికే ఓదార్చను, కొంత పోతుంది, పోనివ్వాలి. కానీ ఎకనామిక్స్ పోదు, తెలుగులో ఒక విషయాన్ని పేజీలకొద్దీ కుదురుగా రాయగలగడం పోదు, రాష్ట్ర బడ్జెట్ చదివి అర్థం చేసుకోగల మనుషులు మీరనుకున్నంత ఎక్కువమంది లేరు.

నా సలహా ఇది. ఫుల్‌టైమ్ ప్రిపరేషన్ ఆపేయండి. గ్రూప్-1 మీద ఆశ వదలమనడం లేదు, ఆ హాస్టల్ జీవితాన్ని వదలమంటున్నాను. ఏదో ఒక ఉద్యోగంలో ఉంటూ రాసి గెలిచినవాళ్ళు ప్రతి జాబితాలోనూ ఉంటారు, చిన్న ప్రభుత్వ ఉద్యోగం చేస్తూ పెద్దది కొట్టినవాళ్ళూ ఉంటారు. నెలకి ఒక జీతం చేతికొస్తుంటే పరీక్ష హాల్లో చెయ్యి వణకడం కూడా తగ్గుతుంది. మీ అర్హతకి ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఎకనామిక్స్ చెప్పవచ్చు, ప్రభుత్వ జూనియర్ లెక్చరర్ నోటిఫికేషన్ వస్తే రాయవచ్చు, యూజీసీ నెట్ పరీక్షలో అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హతకి వయోపరిమితే లేదు. బ్యాంకు పరీక్షల కిటుకు మీకు కొత్త కావచ్చు, రీజనింగ్‌కి కొన్ని నెలలు కష్టపడాలి, అయినా వయసు ఉన్నప్పుడే ఒకటి రెండుసార్లు గట్టిగా ప్రయత్నించండి. ఒక్కటి మాత్రం చేయొద్దు, అదే వీధిలో కోచింగ్ సెంటర్లో పేపర్లు దిద్దే పనో, టెస్ట్ సిరీస్ తయారుచేసే పనో పట్టుకోవద్దు. డబ్బులొస్తాయి, కానీ మీరు అక్కడినుంచి బయటికొచ్చినట్టు కాదు, ప్రతి నోటిఫికేషన్‌కీ గుండె అక్కడే కొట్టుకుంటూ ఉంటుంది.

ఇంకోసారి పూర్తిగా కూర్చుని రాయాలనే మీ మనసు గట్టిగా చెబుతుంటే, మార్కుల లెక్క కూడా అందుకు ఒప్పుకుంటుంటే, అప్పుడు ఒక తేదీ పెట్టుకోండి. ఆ తేదీని నోటిఫికేషన్‌కి ముడిపెట్టకండి, గ్రూప్-2 ఎన్ని వాయిదాలు పడిందో చూశారుగా, మీ తేదీ కూడా దాంతోపాటే జరిగిపోతుంది. క్యాలెండర్ మీద పెట్టండి, ఫలానా నెల ఫలానా తారీఖు, ఆరోజుకి పరీక్ష జరిగినా జరగకపోయినా నేను పనిలో చేరతాను అని. అది కాగితం మీద రాసి మీ అన్నకి ఇవ్వండి. ఆయన డబ్బు పంపుతున్నందుకు కాదు, మీరు మనసు మార్చుకోబోతే గుర్తు చేయడానికి ఒక మనిషి కావాలి కాబట్టి. పండగకి వెళ్ళినప్పుడు నలుగురి మధ్యా కాకుండా, అన్నావదినలిద్దరినీ కూర్చోబెట్టి మీరే చెప్పండి. వదిన ఏమీ అనదు అని రాశారు చూడండి, ఆ మౌనం గురించి మీరు పడుతున్న టెన్షన్‌లో సగం, ఆవిడ ఏమనుకుంటోందో మీరు అడగకపోవడం వల్లే.

ఓడిపోయానా అని అడిగారు. లేదమ్మా. ఊళ్ళో ఎవరైనా "ఇంకా కాలేదా" అంటే, "ఇప్పుడు ఉద్యోగం చూసుకుంటున్నాను, పరీక్ష కూడా రాస్తాను" అనండి. ఇంటర్వ్యూలో ఈ ఏడేళ్ళూ ఏం చేశావని అడిగితే కూడా దాచకుండా అదే చెప్పండి, గ్రూప్-1 మెయిన్స్ రాశాను అని. ఈ రెండు రాష్ట్రాల్లో ఆ మాటకి అర్థం తెలియని ఇంటర్వ్యూ బోర్డు ఉండదు.

ప్రశ్న: మేడం, మాది రాజమహేంద్రవరం. నాన్నగారిది స్టీలు సామాన్ల కొట్టు. ఆయనకి 73. నాలుగేళ్ళ కిందట "ఇక నువ్వే చూసుకోరా" అన్నారు. అన్నారే గానీ రోజూ నాకంటే ముందే వచ్చి గల్లా పెట్టె దగ్గర కూర్చుంటారు. నేను చెప్పిన రేటుని కస్టమర్ ముందే తగ్గించేస్తారు. కొత్త సరుకు తెస్తే "ఇదెవరు కొంటారు" అంటారు. గట్టిగా ఏమన్నా అంటే రెండు రోజులు సరిగా అన్నం తినరు. ఆయనతో ఇది ఎలా వదిలించాలి?
– ఒక పాఠకుడు

జవాబు: మొత్తం వదిలించాలని చూడకండి, ఆయన వదలాల్సింది రేటు ఒక్కటే. ఆ కుర్చీలో ఆయన్ని ఉండనివ్వండి. డెబ్భై మూడేళ్ళ మనిషికి పొద్దున్నే తయారై వెళ్ళడానికి ఒక చోటు ఉండటం వల్ల ఆయన బాగున్నారు, అది మీ ఇంటికి అదృష్టం. రేటు విషయం మాత్రం కొట్టు తెరిచే ముందు, ఇంట్లో, అమ్మగారి ఎదుట మాట్లాడండి. "నాన్నా, కస్టమర్ ముందు మీరు తగ్గిస్తే రేపటినుంచి నా మాట ఎవరూ వినరు" అని, అంతే. దానికి బదులు ఆయనకి పూర్తిగా ఆయనదే అయిన పని ఒకటి ఇవ్వండి. పాత బాకీల పద్దు ఆయనకే తెలుసు, పెళ్ళిళ్ళ సీజన్లో సారె సామాను కోసం వచ్చే పాత కుటుంబాలు ఆయన ముఖం చూసే వస్తాయి. ఆ రెండింట్లో మీరు వేలు పెట్టకండి, ఆయన తగ్గించుకున్నా సరే. కొత్త సరుకులో ఆయన వేలు పెట్టరు. ఇద్దరికీ హద్దు తెలిస్తే గొడవ చాలావరకు తగ్గుతుంది.

కానీ మీ ఉత్తరంలో ఒక ముక్క లేదు, కొట్టు ఇప్పుడు ఎవరి పేరున ఉంది? నాలుగేళ్ళుగా మీరే చూసుకుంటున్నా జీఎస్టీ రిజిస్ట్రేషన్, కరెంట్ ఖాతా ఆయన పేరుతోనే ఉంటే, చెక్కుల మీద సంతకం ఆయనదే అయితే, ఆయన ఇంకా యజమానే, యజమానిలా ప్రవర్తించడంలో తప్పు పట్టలేం. జీఎస్టీ రిజిస్ట్రేషన్ పాన్ మీద నడుస్తుంది కాబట్టి ఆయన ఒక్కరి పేరున ఉన్న వ్యాపారం మీ పేరుకి మారాలంటే మీ పాన్ మీద కొత్త రిజిస్ట్రేషన్ కావాలి, ఆయన ఖాతాలో మిగిలిన, సరుకు కొన్నప్పుడు కట్టిన పన్నుకి వచ్చే జమని, అంటే ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్‌ని ఐటీసీ-02 అనే ఫారం ద్వారా మార్చుకోవాలి. ఆయన ఉండగా చేసుకుంటే సులువు, తర్వాతైతే ప్రతి కాగితానికీ తిరగాలి. ఒక్కసారిగా మార్చడం ఆయనకి కష్టంగా అనిపిస్తే ఇద్దరి పేరునా భాగస్వామ్యం పెట్టుకుని, సంతకం ఇద్దరిలో ఎవరిదైనా చెల్లేలా చేసుకోవచ్చు. ఆడిటర్ దగ్గరికి ఆయన్ని వెంటబెట్టుకునే వెళ్ళండి, వెనకాల చేయించిన పనిలా ఉండకూడదు. అక్కచెల్లెళ్ళుంటే వాళ్ళకీ ముందే చెప్పండి, వ్యాపారం ఎవరి పేరున ఉంటుందన్నది ఒకటి, ఆ కొట్టు గది, స్థలం ఎవరివన్నది ఇంకొకటి, రెండూ కలిపితే తగాదా అవుతుంది.